నా దూరం నలభై అంగలు

ఆ రోజుల్లో నాకు పొగరుండేదని ఎవరైనా అంటే ఒప్పుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఒప్పుకుంటాను, ఎందుకంటే ఇప్పుడది లేదు. లేనిదాని గురించి ఒప్పుకోవడం తేలిక. ఇరవై మూడేళ్ళ వయసు, తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం, మా హాల్లో టీవీ పక్కన జిల్లా రైఫిల్ పోటీల్లో నేను గెలిచిన కప్పు. ఆ కప్పు సంగతి మా నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు (గ్యాస్ సిలిండరు తెచ్చినతనికి కూడా, అతను సిలిండరు భుజం మీంచి దించకముందే). అది గాలి తుపాకీతో కొట్టిందనీ, నేను కొట్టింది పది మీటర్ల దూరంలో కదలకుండా ఉన్న కాగితాన్ననీ ఆయన చెప్పేవారు కాదు. నేనూ కల్పించుకుని చెప్పేదాన్ని కాదు. అలా అలా మా బంధువుల్లో నేను పులినైనా పడగొట్టగల మనిషినని పేరు పడిపోయింది.

ఆ పేరు బాపట్లలో ఉన్న మా పిన్ని దాకా పోయింది. పిన్నికి ఊరికి దూరంగా, సముద్రం వైపు ఇసుక నేలలో వేరుశనగ చేను ఉండేది. బాబాయి పోయాక దున్నించడం, దొరువులోంచి నీళ్ళు మోయడం, కలుపు తీయడం అన్నీ ఆవిడే (దొరువంటే ఆ ఇసుకలో తవ్వుకునే నీళ్ళ గుంట, చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను). చేనుకి అవతల ఇసుక దిబ్బ, దాని పక్కన సరుగుడు తోట. ఆ తోటలోంచి ఒక అడవిపంది అలవాటుగా వచ్చి, కాయ ముదిరిన సాళ్ళని మూతితో దున్నేసి పోతోంది. పీకుడికి ఇంకా మూడు వారాలుంది. పిన్ని ఫోను చేసి, "ఏమే, కప్పు తుడుచుకుంటూ కూర్చున్నావా? ఇక్కడ నా చేను సగం దాని పొట్టలోకి పోయింది. ఆ వచ్చేదేదో కాయ మిగిలుండగా రా" అంది. ఫోన్లో పిన్ని గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. కోపంగానే మాట్లాడింది కానీ మధ్యలో రెండుసార్లు ఆగింది.

పందిని కొట్టాలంటే ఎవరు పడితే వాళ్ళు తుపాకీ పట్టుకుని వెళ్ళడానికి లేదు. అటవీ శాఖ వాళ్ళ అనుమతి కావాలి. ఆ అనుమతి ఉన్న మనిషి మా వీధి చివరే ఉన్నారు. ఆయన మా నాన్న స్నేహితుడు, జాకెట్లు కుట్టే టైలరు, మెడలో టేపు లేకుండా పెళ్ళిలో కూడా కనపడరు కాబట్టి మా పిల్లలందరికీ టేపు బాబాయి. తాతల నాటి రెండు గొట్టాల తుపాకీ, దాని లైసెన్సు ఆయనకి వచ్చాయి. చుట్టుపక్కల చేలల్లో పందులు పడినప్పుడు అధికారులు ఆయన్నే పిలిచేవాళ్ళు. ఆయనది సాయిబుల ఇల్లు, ఆ మాంసం ముట్టరు. "నాకు దాని మీద ఆశ లేదమ్మా. ఆశ లేదు కాబట్టి తొందర కూడా లేదు" అనేవారు. అయితే అప్పటికి ఆయన కంటికి ఆపరేషన్ అయ్యి ఏడాదయింది. "ఒకప్పుడు నా దూరం అరవై అంగలు. ఇప్పుడు ఇరవై. ఇరవై అంగల్లోకి పంది రాదు, నేను రమ్మన్నా రాదు. అందుకని కొట్టేది నువ్వు, పక్కన కూర్చునేది నేను" అని ఆ అనుమతిలో, లైసెన్సులో నా పేరు కూడా చేర్పించడానికి తిరిగారు. (ఆ కాగితాలు పూర్తయ్యేసరికి పిన్ని చేలో మరో ఆరు సాళ్ళు పోయాయి.)

కాగితాలు తిరుగుతుండగానే ఒక ఆదివారం ఆయన నన్ను నందివెలుగులో మా మేనమామ పొలానికి తీసుకెళ్ళారు. మినుము పీకేసిన ఖాళీ నేల, అవతల ఎత్తైన కాలువ కట్ట. సంచీలోంచి ఫంక్షన్లలో టిఫిన్ పెట్టే కాగితం ప్లేట్లు తీసి, ఒకదాన్ని కట్టకి ఆనించి, "పందికి ముందు కాలి వెనకాల, ఇంత మేరలోనే గుండే ఊపిరీ ఉండేది. ఇక్కడ తగిలితే దానికి తెలిసేలోపు అయిపోతుంది. ఇంకెక్కడ తగిలినా పారిపోతుంది. పారిపోయి రెండు రోజులు చస్తుంది. మూడు గుండ్లూ ఈ ప్లేట్లో పడే దూరమేదో అదే నీ దూరం" అన్నారు. నేను లోపల నవ్వుకున్నాను. కప్పు గెలిచినదాన్ని కదా.

అరవై అంగల నుంచి మూడింట్లో ఒక్కటి ప్లేట్లో పడింది. తుపాకీ తన్నిన తన్నుకి భుజం వాచింది, అది వేరే సంగతి. యాభై అంగల నుంచి రెండు పడ్డాయి. "మూడింట్లో రెండు పడ్డాయిగా బాబాయ్, అరవై ఆరు శాతం, ఫస్ట్ క్లాసు" అన్నాను, మా స్కూలు బుద్ధి ఎక్కడికి పోతుంది. ఆయన టేపు సర్దుకుంటూ, "నీ జాకెట్టు మూడింట రెండొంతులు సరిపోతే తొడుక్కుంటావా అమ్మాయ్?" అన్నారు. "మూడోది ఎక్కడ పడింది?" అన్నారు. ప్లేటు పక్కన, జానెడు దూరంలో అన్నాను. "ఆ జానెడే పొట్ట. పొట్టలో గుండు పెట్టుకుని అది సరుగుడు తోటలో దూరుతుంది, దగ్గరికొచ్చినవాళ్ళ మీద పడుతుంది. తెల్లారేసరికి ఆ తోటలో ఆకు ఊడ్చుకోడానికి ఎవరొస్తారు?" అనడిగారు. "మా పిన్ని వాళ్ళొస్తారండి" అన్నాను. పొయ్యిలోకి ఆ ఎండాకే వాళ్ళకి ఆధారం. బాబాయి ప్లేటు మార్చారు.

నలభై అంగల నుంచి మూడూ పడ్డాయి. హమ్మయ్య అనుకునేలోపు, కాలువ దాకా పరిగెత్తి రమ్మన్నారు. రొప్పుతూ వచ్చి కొడితే మూడూ ప్లేట్లోనే పడ్డాయి కానీ అంచుల్లో పడ్డాయి. "గుండె అదిరినా ఇంతే తప్పుతున్నావు. నలభై నీదే" అని జేబులోంచి సుద్ద తీసి, తుపాకీ కర్ర మీద 40 అని రాసేశారు, జాకెట్టు గుడ్డ మీద కొలత వేసినట్టే. నాకు తలకొట్టేసినట్టయింది. మా ఇంటి నుంచి పాల పాకెట్ల కొట్టు కూడా నలభై అంగల కంటే దూరం. ఇంటికొచ్చాక నాన్న "ఎంత దూరం కొట్టావమ్మా?" అంటే "బాగానే కొట్టాను" అన్నాను. అది అబద్ధం కాదని ఇప్పటికీ నా వాదన.

ఒక శనివారం మధ్యాహ్నం స్కూలు నుంచి అటే బాపట్ల వెళ్ళాం. బాబాయి చేను చివర తాటాకులతో దడి కట్టించి, అక్కణ్ణించి దిబ్బ వైపు తనే అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఇరవై దగ్గర తెల్ల గుడ్డ, ముప్ఫై దగ్గర పసుప్పచ్చ గుడ్డ, నలభై దగ్గర ఎర్రగుడ్డ పుల్లలకి కట్టి పాతారు. అన్నీ ఆయన దుకాణంలో మిగిలిన లైనింగు ముక్కలే. "చదును నేల మీద కన్ను మోసం చేస్తుంది. ఆశ ఉన్న కన్ను ఇంకా మోసం చేస్తుంది. గుడ్డని నమ్ముకో" అన్నారు నాతో. తరవాత పిన్నిని పిలిచి, "ఎర్రగుడ్డ ఇవతలికి వస్తేనే అమ్మాయి కొడుతుందమ్మా. దాని అవతల ఎంత మేసినా ముట్టుకోం" అని చెప్పారు. పిన్ని ఎర్రగుడ్డ వైపు చూసింది, దాని అవతల దిబ్బ దాకా ఉన్న సాళ్ళ వైపు చూసింది, "అలాగేనండి" అని ఊరుకుంది. మా పిన్ని ఏ మాటకైనా ఎదురు చెప్పకుండా ఊరుకుందంటే అనుమానించాలని మా అమ్మ చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉంది. నాకు అప్పుడు గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం పంది రాలేదు. మర్నాడు, ఆదివారం, పిన్ని చేపల పులుసుతో భోజనం పెట్టి "కాసేపు నడుం వాల్చండి, కళ్ళు బాగా కనపడాలి" అని మమ్మల్ని బలవంతాన పడుకోబెట్టింది. ఐదింటికి దడి వెనకాల చేరాం. నేను ముందు, నా ఎడం భుజానికి ఆనుకుని బాబాయి, వెనక పిన్ని. రావద్దన్నా వచ్చింది. గాలి మా మొహాల మీదకే వస్తోంది, మంచి పొద్దు, వెలుతురు శుభ్రంగా ఉంది. ఎక్కడా అలికిడి లేదు.

ఐదున్నర దాటాక సరుగుడు తోట అంచున నల్లగా ఏదో కదిలింది. ఆగింది. మూతి ఎత్తి గాలి వాసన చూసింది. అది నింపాదిగా, సొంత చేలోకి వచ్చినట్టు, దిబ్బ పక్క నుంచి దిగి సాళ్ళలోకి వచ్చింది, వచ్చి ఎర్రగుడ్డ పక్కనే పక్కవాటుగా నిలబడి మూతి నేలలో పెట్టింది. అంతకంటే బాగా ఎవరూ నిలబడరు. "ఎక్కడుంది?" అన్నారు బాబాయి, పెదాలు కదలకుండా. ఆయనకది మసక మచ్చలా ఉందట. "ఎర్రగుడ్డ దగ్గరే బాబాయ్." "ఇవతలా, అవతలా?" "ఇవతలే. ఒక అంగ ఇవతలే." "అయితే నీదే. తొందరేం లేదు, చూసుకో" అన్నారు.

తుపాకీ భుజానికెత్తాను. గొట్టం చివర ఒక ఇత్తడి పూస ఉంటుంది, దాన్ని ముందు కాలి వెనక్కి తెచ్చి పెట్టాను. అక్కడ ఏదో తేడాగా ఉంది. నందివెలుగులో నలభై అంగల దగ్గర పూస ప్లేటు మధ్యలో ఉంటే చుట్టూ తెల్లటి ప్లేటు బాగా కనపడేది. ఇక్కడ పూస పెడితే పంది భుజం మొత్తం దాని వెనక దాక్కుంటోంది. పంది చిన్నదేమో అనుకున్నాను. చిన్నదైతే ఇంత చేను ఎలా తిన్నది అనుకున్నాను. గుడ్డ చూశాను, ఎర్రగానే ఉంది, ఎగురుతోంది. గుడ్డని నమ్ముకోమన్నారు కదా. వెనక నుంచి పిన్ని, "కొట్టవేంటే" అంది, ఊపిరితోనే. కాయలు నమిలే చప్పుడు గాల్లో సన్నగా వినపడుతోంది, లేక వినపడుతోందని నేననుకున్నానో. పూస కిందకీ పైకీ ఊగడం మొదలెట్టింది. ట్రిగ్గరు మీద వేలుంది, వేలు నిండా చెమట ఉంది. నొక్కితే ఒక్క క్షణం పని. నొక్కాక ప్లేటు పక్కన జానెడు దూరంలో పడితే, తెల్లారి ఆ తోటలో పిన్ని చీపురు పట్టుకుని వంగి ఉంటుంది. ఆ వంగిన నడుమే నా కళ్ళ ముందు ఆడుతోంది. పిన్ని మళ్ళీ అంది, "కొట్టవే తల్లీ, వెళ్ళిపోతుంది." ఆ తల్లీ అన్న మాటకి నా వేలు సగం బిగుసుకుంది కూడా.

"బాబాయ్, ఇది నా దూరం కాదేమో" అన్నాను.

"ఏమో అన్నావా?"

"అన్నాను."

"అయితే దించెయ్" అన్నారు.

దించేశాను. ఆ తరవాత పావుగంట అది మేసింది. మేము ముగ్గురం దడి సందుల్లోంచి చూస్తూ కూర్చున్నాం, పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక సాలు పూర్తి చేసి, రెండోది సగం తిని, ఎవరో పిలిచినట్టు తల తిప్పి, వచ్చినంత నింపాదిగా తోటలోకి పోయింది. అది పోగానే పిన్ని నా మీద విరుచుకుపడింది. "ఎందుకిచ్చారే నీకా కప్పు? ఎదురుగా నిలబడితే కొట్టలేవు, ఇంక పరిగెత్తేదాన్ని కొడతావా? మీ నాన్న మాటలు పట్టుకుని నిన్ను పిలిచాను చూడు, నన్ననాలి" అంటూ మొదలుపెట్టి మా వంశం మొత్తాన్ని కడిగేసింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పిన్ని తిట్టినందుకు కాదు, తిట్టింది నిజమేనేమోనని.

బాబాయి మాత్రం లేచి, దడి దాటి, అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచారు. పైకే లెక్కపెడుతున్నారు. ఇరవై దగ్గర తెల్లగుడ్డ ఉంది. ముప్ఫై దగ్గర ఏమీ లేదు. నలభై దగ్గర ఆగి, వంగి చేత్తో ఇసుక తడిమారు. పుల్ల పాతిన గుంట ఒకటి ఉంది, పుల్ల లేదు. మళ్ళీ నడిచారు. ఎర్రగుడ్డ దగ్గరికి చేరేసరికి ఆయన నోటి లెక్క డెబ్భై ఒకటి. అక్కణ్ణించి వెనక్కి తిరిగి మా వైపు చూశారు. నేను పిన్ని వైపు చూశాను. పిన్ని దొరువు వైపు చూసింది.

"నేనే జరిపాను" అంది. "లేకపోతే ఏంటండి. ఎర్రగుడ్డ ఇవతలికొస్తేనే కొడతామన్నారు, అవతల పద్నాలుగు సాళ్ళున్నాయి, అవి నేను నీళ్ళు మోసినవి కావా? దిబ్బ మొదట్లో పెడితే చేనంతా వస్తుంది కదా అని పెట్టాను." "మరి పసుపుది?" అన్నాను. "అది ఒక్కటే అక్కడ ఉంటే పొందిగ్గా లేదు, అందుకని దాన్ని కూడా మధ్యలోకి జరిపాను" అంది. (నేను లెక్కల టీచర్ని. తెలుపుకీ పసుపుకీ మధ్య ఎడం మారిపోయిన సంగతి గంటసేపు దాని ఎదురుగా కూర్చుని కూడా కనిపెట్టలేదు. దీన్ని మా స్కూల్లో ఎవరికీ చెప్పలేదు.)

బాబాయి కోప్పడతారనుకున్నాను. ఆయన ఎర్రగుడ్డ పుల్ల పీక్కుని వచ్చి పిన్ని చేతిలో పెట్టి, "అమ్మాయి గుండు పొట్టలో తగిలుంటే, రేపు పొద్దున్న ఆ తోటలోకి వెళ్ళేది నువ్వే కదమ్మా" అన్నారు, అంతే. పిన్నికి ఆ మాట తలకెక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చింది. తన భర్త పోయినప్పుడు కూడా అందరి ముందూ ఏడవని మనిషి. నేను పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని, "నువ్వు కొట్టనందుకు తిట్టాను చూడవే" అంది. తరవాత తనే లేచి, బాబాయి అంగలు వేస్తుంటే వెనకే నడిచి, పసుపు గుడ్డని ముప్ఫై దగ్గర, ఎర్రగుడ్డని నలభై దగ్గర తన చేత్తో పాతింది. గట్టిగా, రాయి పెట్టి కొట్టి మరీ పాతింది.

ఇక్కడితో ఆపేస్తే నాకు మంచి పేరు మిగులుతుంది. మా బంధువుల్లో ఈ కథ ఇక్కడిదాకానే తిరుగుతుంది కూడా: గుడ్డ జరిపినా కంటితో దూరం కనిపెట్టి తుపాకీ దించేసిన పిల్ల. కానీ ఆ సాయంత్రం తెనాలి రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఉండబట్టలేక, "బాబాయ్, నేను దూరం కనిపెట్టి ఆగలేదు. భయమేసి ఆగాను. చేతులు వణికాయి" అని చెప్పేశాను. ఆయన, మా పిన్ని ఇచ్చిన ఉడకబెట్టిన కాయలు ఒలుచుకుంటున్నారు. "తెలుసు. నీ మోచెయ్యి నా భుజాన్ని కుడుతూనే ఉందిగా, మా కుట్టుమిషను లాగా" అన్నారు. ఇంకో కాయ ఒలిచి, "నలభై అని రాసింది నీ చెయ్యి ఆగినప్పుడు. చెయ్యి వణికినప్పుడు నీ దూరం ఇరవయ్యో, పదో. ఒక్కోరోజు అసలు ఉండదు. అది కూడా కొలతే, దాన్ని ఒప్పుకోవడానికే జనానికి కష్టం" అన్నారు. తెనాలి వచ్చేసరికి సంచీలో తొక్కలే మిగిలాయి.

పై శనివారం అది ఎర్రగుడ్డ దాటి, పసుపు గుడ్డకి మూడంగల దూరం దాకా వచ్చింది. ఆ రోజు పూస చుట్టూ పంది కనపడింది. చెయ్యి ఆగింది. ఒక్కటే గుండు, ఉన్నచోటే పక్కకి ఒరిగింది. గొప్పగా ఉంటుందనుకున్నాను, ఏమీ ఉండలేదు. దగ్గరికి వెళ్ళి చూసి, ఇంత పెద్దదా అనుకుని, తరవాత చాలాసేపు దొరువు గట్టున కూర్చున్నాను. బాబాయి దూరంగా తల దించుకుని నిలబడ్డారు. అటవీ శాఖ వాళ్ళు వచ్చి రాసుకుని, దాన్ని గొయ్యి తీయించి పూడ్పించారు. పిన్ని చేను మిగిలింది. దాని గురించి ఎవరి దగ్గరా గొప్పలు చెప్పొద్దని పిన్నే అంది, నాన్న మాత్రం సిలిండరతనికి చెప్పారు.

ఇది జరిగి పదహారేళ్ళయింది. తరవాత రెండేళ్ళకే బాబాయి ఒకరోజు ప్లేటు తన కోసం పెట్టుకుని, తన దూరం ఎనిమిది అంగలని తేల్చుకుని, మర్నాడే లైసెన్సుతో సహా తుపాకీ అప్పజెప్పేశారు. ఎవరూ అడగలేదు. ఇప్పుడు దుకాణం కూడా లేదు, రేపల్లెలో కూతురింట్లో ఉంటున్నారు. పోయిన నెలలో చూసొద్దామని రేపల్లె రైలెక్కాను. జంపని దాటాక ఫోన్లో ఎవరో పంపిన మెసేజి చదవడానికి చెయ్యి బారెడు చాపాల్సి వచ్చింది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను (అలా చెప్పుకుంటున్నాను, నిజానికి పెట్టుకోవడం ఇష్టం లేక వదిలేశాను).

అరుగు మీద కూర్చుని ఉన్నారు, మెడలో టేపుతో సహా. నా గొంతు విని గుర్తుపట్టి, "ఇప్పుడు నీ దూరం ఎంతమ్మా?" అన్నారు. "నలభయ్యే బాబాయ్" అన్నాను, ఆ పాత పొగరు ఎక్కణ్ణించి లేచొచ్చిందో. "ఎదురింటి గేటు మీద ఏం రాసుందో చదువు" అన్నారు. కళ్ళు చికిలించాను, కుక్క ఉంది జాగ్రత్త అని చదివాను. లోపల్నించి ఆయన కూతురు నవ్వి, అది డాక్టరు గారి పేరని చెప్పింది. "పాతిక రాసుకో" అన్నారు ఆయన. సరే అని, "మరి మీది?" అన్నాను. కూతురు అప్పుడే టీ గ్లాసులు తెచ్చి మా మధ్య పీట మీద పెట్టింది. "నాదా? ఇదిగో, ఈ గ్లాసు దాకా" అని చెయ్యి చాపారు. వేళ్ళు గ్లాసుకి ఇవతల బెత్తెడు దూరంలో ఉత్త పీట మీద పడ్డాయి.

నేను చప్పుడు కాకుండా గ్లాసుని ఆ వేళ్ళ దగ్గరికి జరిపాను. ఆయన వేళ్ళు దానికి తగిలి ఒక క్షణం ఆగాయి. తరవాత గ్లాసు ఎత్తకుండా, దాన్ని నెమ్మదిగా బెత్తెడు అవతలికి, దాని చోటుకి నెట్టేసి, "కొలత జరపకూడదమ్మా" అన్నారు. మళ్ళీ చెయ్యి చాపి, ఈసారి సరిగ్గా అందుకుని తాగారు. నేను నా గ్లాసు తీసుకున్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను.